వసంతంలో వినదగిన ఇంగ్లీషు పాటలు: అర్హతలు, షరతులు

మార్చి వచ్చిందంటే చాలు, ఫోన్లో పాటల యాప్ మొదలుపెడుతుంది. వసంతం వచ్చేసింది, మనసును ఉల్లాసపరిచే ఇంగ్లీషు పాటలు ఇవిగో, విని ఆనందించండి అని. ఎండల మీద వాతావరణ శాఖ హెచ్చరిక, ఇంటర్ పిల్లాడి హాల్ టికెట్, మార్చి 31 లోపు కట్టాల్సిన వాటి మెసేజ్‌లు, వాటర్ ట్యాంకర్ రేటు పెరిగిందన్న అపార్ట్‌మెంట్ గ్రూపు కబురు, వీటన్నిటి మధ్య దూరి వస్తుంది ఈ ఆహ్వానం. ఇలా అడ్డూ అదుపూ లేకుండా జనానికి ఆనందాన్ని పంచిపెట్టడం ప్రజారోగ్యానికి మంచిది కాదని, దీనికంటూ కొన్ని నిబంధనలు ఉండాలని, ఉభయ రాష్ట్ర ప్రభుత్వాలకూ (ఎవరూ చిన్నబుచ్చుకోకుండా) సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ముందు అసలు ముద్దాయిని చూద్దాం. ఏ లిస్టు తెరిచినా పైనే కూర్చుని ఉంటుంది, ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ వాళ్ళ 'హియర్ కమ్స్ ద సన్'. 1969లో 'అబ్బే రోడ్' ఆల్బమ్‌లో వచ్చింది, రాసి పాడింది ఆ బ్యాండులోని జార్జ్ హారిసన్. అదిగో సూర్యుడు వస్తున్నాడు, ఇక ఏం పర్లేదు అని ధైర్యం చెబుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో ఉన్న మనిషి ఈ మాట వినగానే చేయాల్సిన పని కిటికీ కర్టెన్ లాగడం, కుండలో నీళ్ళున్నాయో లేదో చూసుకోవడం. మన దగ్గర సూర్యుడు వస్తున్నాడని ఎవరూ పాడక్కర్లేదు, ఆయన అసలు వెళ్తే కదా!

కానీ హారిసన్ పరిస్థితి వేరు. ఆ ఏడాది జనవరిలో బ్యాండ్ మీద అలిగి వెళ్ళిపోయి మళ్ళీ వచ్చాడు, ఫిబ్రవరిలో టాన్సిల్స్ ఆపరేషన్ అయింది, మార్చిలో పోలీసులు ఇంటికొచ్చి గంజాయి కేసు పెట్టారు. ఇవి చాలవన్నట్టు ఆపిల్ అని వాళ్ళకో సొంత కంపెనీ ఉండేది (ఫోన్లది కాదు), అందులో రోజూ అకౌంటెంట్లతో మీటింగులు, సంతకాలు. బయట చూస్తే ఎంతకీ కదలని ఇంగ్లండ్ చలికాలం. ఇక ఏప్రిల్లో ఒకరోజు ఆయన మీటింగు ఎగ్గొట్టేసి, సర్రేలో ఉన్న స్నేహితుడు ఎరిక్ క్లాప్టన్ ఇంటికి పోయి, క్లాప్టన్ గిటారే ఒకటి తీసుకుని తోటలో తిరుగుతుంటే ఈ పాట పుట్టింది. అంటే ప్రపంచానికి ఆశను నేర్పిన ఈ వసంతగీతం, సాంకేతికంగా, ఆఫీసు డుమ్మా కొట్టిన పాట. ఇప్పుడు ఇదే పాటను సోమవారం పొద్దున మీటింగు మొదలయ్యే ముందు ఉద్యోగుల ఉత్సాహం కోసం వేస్తున్న హెచ్‌ఆర్ వాళ్ళున్నారు. పాట పుట్టుపూర్వోత్తరాలు ఉద్యోగులకు తెలిస్తే హాజరు ఏమవుతుందో వాళ్ళు ఆలోచించినట్టు లేదు.

గమనిస్తే ఈ పాటలన్నీ ఇంతే. ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా అనే బ్యాండ్ నాయకుడు జెఫ్ లిన్ 1977 నాటి 'అవుట్ ఆఫ్ ద బ్లూ' ఆల్బమ్‌కి పాటలు రాద్దామని స్విట్జర్లాండ్ కొండల్లో ఇల్లు తీసుకుని కూర్చుంటే, రెండు వారాలు ఒకటే మబ్బు, పొగమంచు, ఒక్క పాటా రాలేదు. ఆ తర్వాత ఎండ కాసింది, ఎదురుగా ఆల్ప్స్ కనిపించాయి, మరో రెండు వారాల్లో 'మిస్టర్ బ్లూ స్కై'తో సహా పద్నాలుగు పాటలు రాసి పడేశాడు. (ఆ పాట చివర ఒక యంత్రపు గొంతు ఏదో అంటుంది, అదేదో తాత్త్విక సందేశం అనుకోకండి. రికార్డులో ఆ వైపు అయిపోయింది, తిప్పి వేసుకోండి అని చెబుతోంది, అంతే.)

కాబట్టి ఈ పాటల్లోని ఆనందం, చలికాలమనే అప్పు తీరినవాడి సంబరం. అసలు అప్పే చేయనివాడు అదే ఊపులో చిందులేస్తే చూసేవాళ్ళకు అనుమానం వస్తుంది.

అందుకే నా మొదటి ప్రతిపాదన: ఈ పాటలు వినదలచినవారు మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు పెట్టి శీతాకాల ధ్రువీకరణ పత్రం తీసుకోవాలి. దరఖాస్తుదారు కనీసం ఒక చలికాలం సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే చోట గడిపినట్టు, పార తీసుకుని కారు చుట్టూ మంచు ఎత్తిపోసినట్టు ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. షికాగో, టొరంటో, న్యూజెర్సీ తెలుగువాళ్ళకు మినహాయింపు ఇవ్వొచ్చు, పాపం వాళ్ళు నిజంగానే అర్హులు. నవంబర్ నుంచి జాకెట్టు మీద జాకెట్టు వేసుకుని, మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరపగానే, బయట పది డిగ్రీలే ఉన్నా నిక్కరు వేసుకుని వాకింగుకి వెళ్ళే మన అల్లుళ్ళను చూస్తే హారిసన్ బాధ అర్థమవుతుంది. ఉగాదిని కూడా వాళ్ళు పంచాంగం చెప్పిన రోజున కాక, స్కూలు ఆడిటోరియం ఖాళీగా దొరికిన శనివారం చేసుకుంటారు. ఆ శనివారం ఈ పాట వేసుకుంటే అభ్యంతరం లేదు.

మిగతా మన సంగతి. పంచాంగం ప్రకారం వసంత ఋతువు అంటే చైత్ర వైశాఖాలు. ఒకసారి క్యాలెండర్ తీసి చూడండి, మార్చి చివరి నుంచి దాదాపు మే చివరి దాకా నడుస్తుంది. అంటే వడగాలులు, వడదెబ్బ, ఫ్యాను కింద తడిగుడ్డ కప్పుకుని పడుకోవడం ఇవన్నీ మనకు అధికారికంగా వసంత శోభలోకే వస్తాయి. గ్రీష్మం వచ్చేసరికి వానలు మొదలవుతాయి. ఈ చిన్న విషయం యాప్ తయారుచేసినవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే 1977లోనే వచ్చిన బిల్ విదర్స్ 'లవ్లీ డే'కి హెచ్చరిక తగిలించేవారు. చివర్లో ఆయన ఒకే స్వరాన్ని ఏకంగా 18 సెకన్లు పట్టి ఉంచుతాడు. మే మధ్యాహ్నం డాబా మీద దీన్ని ప్రయత్నించరాదు.

'వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్' గురించి ఎక్కువ చెప్పను. 1967లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ లోకం ఎంత అందమైనదో అని పాడితే, రికార్డు కంపెనీ పెద్దకు నచ్చక పక్కన పడేశాడు, అమెరికాలో వెయ్యి కాపీలు కూడా పోలేదు. బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అమెరికా దాన్ని నెత్తిన పెట్టుకున్నది, 1987 నాటి ఒక వియత్నాం యుద్ధ సినిమాలో బాంబులు పడుతుంటే వెనక ఈ పాట వేశాక.

'డోంట్ వర్రీ బి హ్యాపీ' (1988) కూడా ప్రతి లిస్టులో ఉంటుంది. బాబీ మెక్‌ఫెరిన్ ఒక్క వాయిద్యం కూడా లేకుండా అన్నీ నోటితోనే కానిచ్చాడు. ఆ మాట మాత్రం మెహర్ బాబాది, ఆంధ్రలో ఆయన భక్తులకు కొత్తేమీ కాదు. 1925 నుంచి 1969లో పోయేవరకు మౌనంలో ఉన్న మనిషి మాట అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానం కొట్టింది. టీవీ చర్చల్లో రోజూ అరిచేవాళ్ళు దీన్ని ఒకసారి పరిశీలించాలి.

ఇక మాటల్లేని సంగీతం, ఇటలీ సంగీతకర్త వివాల్డి 'స్ప్రింగ్'. 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. పక్షుల కిలకిలలు, సెలయేళ్ళు, ఉరుము, అన్నీ వయొలిన్లలోనే వినిపిస్తాయి. మనలో చాలామందికి పరిచయమైంది మాత్రం కస్టమర్ కేర్ ద్వారా, మీ కాల్ మాకెంతో ముఖ్యం అన్న మాటకీ మాటకీ మధ్య. అవతల ఎవరూ ఎందుకు ఎత్తరో వివాల్డి ముందే రాసిపెట్టాడు. రెండో భాగంలో మేకల కాపరి హాయిగా నిద్రపోతుంటాడు, పక్కన వయోలా (వయొలిన్‌కి అక్కలాంటి వాయిద్యం) కుక్కలా మొరుగుతూ ఉంటుంది. ఆ మొరిగేది కుక్కేనని స్వరాల కాగితం మీద రాసి మరీ ఉంది.

అర్హత పత్రం దొరకనివాళ్ళ కోసం ఒక ప్రత్యామ్నాయం చూపించడం నా బాధ్యత. రష్యా సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ బ్యాలే నృత్యానికి కట్టిన సంగీతం 'ద రైట్ ఆఫ్ స్ప్రింగ్'. వసంతం కోసం ఒక అమ్మాయిని ఎంచుతారు, ఆమె చచ్చిపోయేదాకా నాట్యం చేస్తుంది, అదీ కథ. పారిస్‌లో మొదటి ప్రదర్శనకి జనం ఎంత గోల చేశారంటే, డాన్సర్లకు వాద్యాలు వినపడక నాట్యం కూర్చిన నిజిన్‌స్కీ తెర పక్కన కుర్చీ ఎక్కి తాళం లెక్క అరిచి చెప్పాల్సి వచ్చింది. తేదీ చూడండి, 1913 మే 29. పారిస్‌లో ఆ రోజు ఎండ ఎంతో గానీ మన లెక్కకి అది రోహిణి కార్తె, రోళ్ళు పగిలే కార్తెలో ప్రేక్షకుల ఓపిక పగలడం పెద్ద వింతేమీ కాదు. తెలుగు వసంతానికి ఇంత నిజాయితీగా సరిపోయే సంగీతం పడమటి దేశాల నుంచి ఇంకొకటి నాకు కనిపించలేదు. అరగంట పైనే ఉంటుంది, కరెంటు పోకపోతే మొత్తం వినొచ్చు.