నక్కకు అన్నం పెట్టిన వాక్యానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ "దాబలే అర్రోస్ ఆ లా సోర్రా ఎల్ అబాద్" వాక్యంగారి సముఖానికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమందరం క్షేమం. తమరు స్పానిష్ అక్షరాల్లో ఎటునుంచి చదివినా ఒకేలా ఉంటారు గనుక తమరి క్షేమం గురించి నేను అడగనక్కరలేదు. నిన్న సాయంత్రం స్పానిష్ తరగతిలో తమరి మూలంగా నాకు జరిగిన మర్యాదను మనవి చేసుకోవడానికే ఈ జాబు.

చిన్ననాటి జ్ఞాపకం ఒకటి నాలుగు వాక్యాల్లో రాసుకురమ్మని టీచరుగారు చెప్పినప్పుడు, ఆ భాషలో నాకు తడుముకోకుండా వచ్చిన ఒకే ఒక్క వాక్యం తమరే గనుక, ఆదివారం భోజనమయ్యాక మధ్యాహ్నమంతా కూర్చుని, తమరిలో నక్కకు అన్నం పెట్టే మఠాధిపతిని తీసేసి ఆ స్థానంలో మా అమ్మమ్మను నిలబెట్టి, ఊరి చెరువుగట్టు మీదికి వచ్చే ఆడనక్కకు ఆవిడ రోజూ అన్నం పెట్టేదని రాసుకుపోయాను. టీచరుగారు చదివి, దగ్గి, రెండు చోట్ల గీత గీశారు. మొదటి గీత "దాబలే" కింద పడింది. క్రియకు సర్వనామాన్ని తోకలా తగిలించి వాక్యం మొదలుపెట్టడం పాత పుస్తకాల పద్ధతనీ, ఈ రోజుల్లో మనుషులు "లే దాబా" అంటారనీ సెలవిచ్చారు. రెండో గీత "సోర్రా" కింద పడింది. ఆ మాట ఆడనక్కకే కాక, నడవడి మంచిది కాదని ఆడవాళ్ళను తిట్టడానికి కూడా వాడతారట. మా అమ్మమ్మ ఎవరికి అన్నం పెట్టి పోషించిందని తరగతిలోని వాళ్ళందరూ అనుకున్నారో తమరే ఊహించుకోవచ్చు.

అదైనా సహిస్తాను. నేను సహించలేనిది ఇంకొకటి ఉంది.

మా నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైనవారు. ఇంటికి వచ్చి సంగతి చెబితే, ఇంతకీ దాని అర్థమేమిటని అడిగారు. "మఠాధిపతి ఆడనక్కకు అన్నం పెడుతుండేవాడు" అన్నాను. "ఎందుకురా?" అన్నారు. "అటునుంచి చదివినా అదే వస్తుంది నాన్నా" అన్నాను. "అటునుంచి చదివినా ఆ నక్క అన్నమే తింటుందా?" అన్నారు. రాత్రంతా నాకు నిద్ర లేదు.

నిజంగా, ఎందుకు పెట్టాడు? ఒకనాడేదో జాలి పుట్టి నాలుగు మెతుకులు విసిరాడంటే సర్దుకుపోవచ్చు, కానీ తమరిలోని క్రియ అందుకు ఒప్పుకోదు. అది అలవాటుగా జరుగుతూ వచ్చిన పనిని చెప్పే భూతకాలం. అంటే ఆ స్వామి పూజ ముగించి, గరిటె పుచ్చుకుని, నిత్యం నక్క కోసం కాచుకుని ఉండేవాడన్నమాట. మఠంలో కోళ్ళు లేవా? అసలు నక్క ఏం తింటుందో ఎప్పుడైనా కనుక్కున్నావా నువ్వు? నీకు ఆ ఊసే లేదు! "అర్రోస్" అనే బియ్యాన్ని తిరగేస్తే "సోర్రా" అయింది గనుక నక్క వచ్చింది, "దాబలే"ను తిరగేస్తే "ఎల్ అబాద్" అయింది గనుక మఠాధిపతి వచ్చాడు. నీ 25 అక్షరాల్లో సరిగ్గా నడుమనున్న 13వ అక్షరం, "లా"లోని ఆ ఒంటరి "ఎల్", ఒక్కటే తన ఇష్టంతో వచ్చింది. తక్కిన 24 అవతలివైపు జత కోసం కట్టుబానిసలై నిలబడ్డవే.

నీ బంధువులందరూ ఇలా లేరు. "సే వెర్లాస్ అల్ రెవేస్" అనే 15 అక్షరాల వాక్యం ఉంది, "వాటిని తిరగేసి చూడడం నాకు వచ్చు" అని దాని అర్థం. తాను చేసే పనినే తాను చెబుతోంది, నక్కల జోలికి పోలేదు. "యో ఆగో యోగా ఓయ్" అనే ఆయన ఈరోజు యోగా చేస్తానంటాడు. సంతోషం, కాకపోతే నోటితో ఎవరూ పలకని "హెచ్"ను రెండువైపులా కాపలా పెట్టుకున్నాడు. "అనితా లావా లా తీనా" అనే ఆవిడ తొట్టి కడుగుతూనే ఉంది. నాన్నగారు ఆవిడ మన అనితే అనుకుని, తెలుగులో రాసి తిరగేసి, "నాతీలావాలాతానిఅ" అని పైకి చదివి కళ్ళజోడు తీసేశారు. మీ లిపిలో అచ్చు వేరుగా, హల్లు వేరుగా నిలబడతాయి, మాకు రెండూ కలిసి ఒక్క అక్షరమై కూర్చుంటాయి. మా వికటకవిని మీ అక్షరాల్లో రాసి తిరగేస్తే ఆయనా "ఇవకటకివ్" అయిపోతాడు గనుక, ఆ లెక్క చెల్లుకు చెల్లు.

మీ వైపు నుంచి నాన్నగారికి నచ్చింది ఒక్క పొడుపుకథ. "ఓరో పరేసే, ప్లాతా నో ఎస్": బంగారంలా ఉంటుంది, వెండి కాదు. చివరి మాటలను కలిపి "ప్లాతనో ఎస్" అంటే అరటిపండు. "సభంగశ్లేష!" అని తొడ చరిచారు. ఆ ఊపులో 17వ శతాబ్దపు స్పానిష్ కవి కెవేదో గురించిన కథ కూడా చెప్పాను. కాలు కుంటే రాణిగారి ముందు తెల్ల పువ్వూ ఎర్ర గులాబీ ఉంచి, మహారాణీవారు ఎంచుకోవాలనే అర్థంలో "ఎస్కోహా" అన్నాడనీ, దాన్నే "ఎస్ కోహా" అని విరిస్తే కుంటిదని అర్థమనీ చెప్పుకుంటారు. అది తిట్టే అయినా, ఎవరిని ఎందుకు తిట్టాడో తెలుస్తుంది. నీ మఠాధిపతి సంగతి అదీ తెలియదు.

ఈ ఉదయం నాన్నగారు ఎప్పటిలాగే పెరటి పిట్టగోడ మీద కాకికి అన్నం ముద్ద పెట్టి, అది వచ్చేదాకా చెయ్యి కడుక్కోకుండా నిలబడ్డారు. నా నోటివెంట నాకు తెలియకుండానే "దాబలే అర్రోస్" అని వచ్చేసింది. ఆయన కాకి వైపే చూస్తూ, "తొందరపడకుండా మొదట్నుంచి చెప్పు, రాసుకుంటాను" అన్నారు.

చెప్పాను. అటునుంచి కూడా చెప్పాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరిని మరిచిపోలేకపోతున్న
ఒక విద్యార్థి