చనుమొన పగిలితే మార్చాల్సింది పాలు కాదు, బిడ్డను పట్టుకునే తీరు

మా చెల్లెలు ప్రసవించిన ఆరో రోజున బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఒక సందేశం వచ్చింది. "బాలింతలు తప్పక పాటించాల్సిన ఏడు సూత్రాలు" అని దాని పేరు. ఎన్నో చేతులు మారి వచ్చినట్టు పైన గుర్తు కూడా ఉంది. పంపినది మా పిన్ని. ప్రేమతోనే పంపింది. సరిగ్గా అప్పుడే పక్క గదిలో చెల్లెలు దిండు అంచును పళ్ళతో కరిచిపట్టుకుని బిడ్డకు పాలిస్తోంది. కుడి మొన మీద అడ్డంగా పగులు. బిడ్డ నోరు తెరిస్తే చాలు, ఆమె కాలివేళ్ళు ముడుచుకుపోతున్నాయి. ఆ సూత్రాలను నమ్మి ఉంటే నెల తిరగక ముందే ఆ పాలు ఆగిపోయేవి. ఆ సందేశం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది కాబట్టి ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"మొదటి కాన్పులో మొనలు పగలడం మామూలే. నెల తిరిగేసరికి చర్మం మొద్దుబారుతుంది. అప్పటిదాకా పంటి బిగువున భరించాలి."

అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది ఈ మాటే. ఇందులో సగం నిజం కలిసి ఉండటమే దానికి కారణం. మొదటి వారంలో మొనలు సున్నితంగా ఉండటం, బిడ్డ నోటితో అందుకున్న తొలి క్షణాల్లో చురుక్కుమని ఆ తరువాత సర్దుకోవడం చాలామందికి ఉంటుంది. పాలిస్తున్నంతసేపూ నొప్పి, పగులు, నెత్తురు మాత్రం మామూలు సంగతి కాదు. చర్మం మొద్దుబారడం కోసం ఎదురుచూడాల్సిన పనీ లేదు. బిడ్డ నోరు సరిగా పడితే పగులు దానంతట అదే మానుతుంది.

అసలు పగులు ఎందుకు వస్తుంది? మీ నాలుకతో మీ అంగిలిని ఒకసారి తడిమి చూడండి. పళ్ళ వెనుక గట్టిగా, గరుకుగా తగులుతుంది. నాలుక వెనక్కి పోయేకొద్దీ మెత్తబడుతుంది. బిడ్డ నోటి నిండా రొమ్ము ఉంటే మొన ఆ మెత్తటి చోటు దగ్గరికి చేరుతుంది, అక్కడ దానికి ఒరిపిడి ఉండదు. బిడ్డ మొనను మాత్రమే పట్టుకుంటే అది గట్టి అంగిలికీ నాలుకకూ మధ్య నలుగుతుంది. అలా రోజుకు పదిసార్లు నలిగితే ఏ చర్మమైనా చిట్లిపోతుంది.

ఆ సాయంత్రం మా వీధిలో ఉండే రిటైరైన నర్సమ్మను పిలుచుకొచ్చాం. ఆమె ముందుగా పుండును చూడలేదు. "ఒకసారి పాలివ్వమ్మా" అంది. బిడ్డ వదిలిన మరుక్షణం మొన ఆకారం చూసింది. అది గుండ్రంగా లేదు. కొత్త లిప్‌స్టిక్ కొనలా ఒకవైపు ఏటవాలుగా నొక్కుకుపోయి, కొస తెల్లబడి ఉంది. "ఇదిగో, ఇక్కడ నలుగుతోంది" అని చూపించింది. ఆ మాట వినేదాకా తన ఒంట్లోనే ఏదో లోపం ఉందని మా చెల్లెలు కుమిలిపోతూ ఉంది.

ఆమె నేర్పినది పది నిమిషాల పని. కాళ్ళు చాపుకుని, నడుము వంచి బిడ్డ మీదికి వాలే అలవాటును మాన్పించింది. వీపు వెనుక ఒక దిండు, ఒళ్ళో ఇంకొకటి పెట్టి, రొమ్మును బిడ్డ దగ్గరికి కాకుండా బిడ్డనే రొమ్ము దగ్గరికి తెచ్చింది. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనాలి. చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండాలి, మెడ పక్కకు తిరగకూడదు. ముక్కు మొనకు ఎదురుగా ఉండాలి. మొనతో పై పెదవిని తాకిస్తే బిడ్డ ఆవులించినంత పెద్దగా నోరు తెరుస్తుంది. ఆ క్షణం కోసం ఆగాలి, తెరిచీ తెరవకముందే తొందరపడకూడదు. తెరవగానే గడ్డం ముందు తగిలేలా దగ్గరికి లాక్కోవాలి. మా అమ్మ బిడ్డ తలను వెనుక నుంచి రొమ్ముకేసి నొక్కబోతే నర్సమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. తల నొక్కితే బిడ్డ బెదిరి వెనక్కి గుంజుతుంది. చెయ్యి ఉండాల్సింది భుజాల వెనుక, మెడ దగ్గర.

సరిగా పట్టుకున్న నోరు చూడగానే తెలిసిపోతుంది. కింది పెదవి బయటికి విచ్చుకుని ఉంటుంది. మొన చుట్టూ ఉండే నల్లని వలయం పైభాగం కాస్త కనిపిస్తుంది, కిందిది దాదాపు కనిపించదు. బుగ్గలు లోపలికి పోవు. కాసేపటికి గుటక చప్పుడు వినిపిస్తుంది. నొప్పి ఆగకపోతే బిడ్డను లాగకుండా, చిటికెనవేలు నోటి మూల నుంచి లోపలికి పోనిచ్చి, పట్టు వదిలించి, మళ్ళీ మొదటి నుంచి చేయాలి. ఆ రాత్రి మా చెల్లెలు నాలుగుసార్లు వదిలించింది. ఐదోసారి ఆమె వేళ్ళు ముడుచుకోలేదు.

"మొన లోపలికి ఉన్నవారికి, చిన్నగా ఉన్నవారికి పాలివ్వడం కుదరదు."

బిడ్డ తాగేది మొన నుంచి కాదు, రొమ్ము నుంచి. మొన చదునుగా ఉన్నవారిలో ఎక్కువమంది మొదటి వారాల్లో కాస్త సాయం అందితే పాలివ్వగలుగుతారు. బాగా లోపలికి ఉంటే సిరంజితో మెల్లగా బయటికి తీసే పద్ధతి ఆస్పత్రుల్లో నర్సులకు తెలుసు. కడుపుతో ఉన్నప్పుడు మొనలను లాగుతూ, రుద్దుతూ ఉండమని చెప్పే సలహాను మాత్రం పట్టించుకోకండి.

"నొప్పి తగ్గాలంటే ఒక్కో వైపు ఐదు నిమిషాలే ఇవ్వాలి. మూడు గంటలకొకసారి చాలు."

చేపు రావడానికే, అంటే రొమ్ములోని పాలు కిందికి దిగడానికే, ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. అంతలోనే గడియారం చూసి బిడ్డను పక్కకు తీస్తే రొమ్ములో పాలు నిలిచిపోతాయి. నిలిచిన పాలతో రొమ్ము రాయిలా గట్టిపడుతుంది. గట్టి రొమ్మును పసినోరు నిండుగా పట్టుకోలేక మొన చివరకు జారుతుంది, పగులు ఇంకా పెరుగుతుంది. నొప్పి తగ్గడానికని చెప్పిన సూత్రమే నొప్పిని పెంచుతుందన్నమాట. కొత్తగా పుట్టిన బిడ్డ రాత్రీ పగలూ కలిపి 8 నుంచి 12 సార్లు తాగుతుంది, అడిగినప్పుడల్లా ఇవ్వాలి. నొప్పి తక్కువగా ఉన్న వైపుతో మొదలుపెడితే, రెండో వైపుకు వచ్చేసరికి బిడ్డ ఆకలి ఆవేశం తగ్గి మెల్లగా తాగుతుంది. రొమ్ము బిగుసుకుపోతే ముందు చేత్తో కాసిని పాలు పిండి, వలయం దగ్గర మెత్తబడ్డాక పట్టాలి.

"పగిలిన మొన నుంచి నెత్తురు కలిసిన పాలు విషం. పిండి పారబోయాలి."

ఈ మాట చదివి భయపడని తల్లి ఉండదు. పగులు నుంచి వచ్చిన కాస్త నెత్తురు బిడ్డ కడుపులోకి పోయినా హాని లేదు. బిడ్డ కక్కిన పాలలో ఎర్రని చారలు కనిపించినా, విరేచనం కాస్త నల్లగా అయినా చాలావరకు అది తల్లి నెత్తురే. అయినా డాక్టరుకు చూపించి ధైర్యం తెచ్చుకోండి. తల్లికి హెపటైటిస్ సి ఉండి మొనల నుంచి నెత్తురు వస్తున్నా, హెచ్‌ఐవీ ఉన్నా, రొమ్ము మీద హెర్పిస్ పొక్కులు ఉన్నా సంగతి వేరు. అప్పుడు డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలి. పగులు లేకుండానే వారం దాటినా నెత్తురు వస్తుంటే అదీ చూపించుకోవాలి.

"ప్రతిసారీ సబ్బుతో కడిగి ఆముదం, పసుపు రాయాలి."

వద్దు. మొన చుట్టూ చర్మాన్ని మెత్తగా ఉంచే నూనె గ్రంథులు అక్కడే ఉంటాయి. సబ్బు ఆ నూనెను కడిగేస్తుంది. స్నానం నీళ్ళు చాలు. రాసిన ఆముదం, పసుపు చివరకు చేరేది బిడ్డ నోట్లోకే. పాలిచ్చాక చివరి రెండు చుక్కలు మొన మీదే రాసి గాలికి ఆరనిస్తే సరిపోతుంది. గొర్రె ఉన్ని మైనంతో చేసే లానోలిన్ లేపనాన్ని ఏమీ రాయకపోవడంతోనూ, సొంత పాలు రాయడంతోనూ పోల్చి చూసిన పరిశోధనల్లో లేపనమే మేలని తేలలేదు. ఏ పద్ధతి వాడినా ఎక్కువమందికి 7 నుంచి 10 రోజుల్లో నొప్పి స్వల్పస్థాయికి తగ్గింది.

"రొమ్ములో గడ్డ కట్టి జ్వరం వస్తే వెంటనే పాలు ఆపాలి."

అప్పుడు ఆపడమే ప్రమాదం. ఉన్నట్టుండి ఆపితే ఆ వాపు చీముగడ్డగా మారే అవకాశం పెరుగుతుంది. ఆ పాలు బిడ్డకు హాని చేయవు. అలవాటు ప్రకారం ఇస్తూనే ఉండాలి. చల్లటి గుడ్డ వేయండి, గట్టిగా పిసకకండి. చలిజ్వరం వచ్చినా, ఒక రోజులో తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పాలిస్తూ వాడదగిన మందులు ఉన్నాయి. నొప్పికి పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ కూడా పాలిచ్చే తల్లులు వాడదగినవే.

ఇక ఏడోది: "పుండు మానేదాకా వారం రోజులు డబ్బా పాలు పట్టండి. తరువాత మళ్ళీ మొదలుపెట్టవచ్చు." దాని కింద ఒక పాలపొడి డబ్బా బొమ్మ కూడా ఉంది. రెండేళ్ళలోపు పిల్లల డబ్బా పాలకు ప్రచారం చేయడాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం, దానికి 2003లో వచ్చిన సవరణ నిషేధించాయి. అయినా ఫోన్లలో ఆ బొమ్మ స్వేచ్ఛగా తిరుగుతోంది.

డాక్టరు అవసరమని చెప్పి డబ్బా పాలు పట్టించిన తల్లిని ఎవరూ మాట అనకూడదు. నా కోపం ఆమె మీద కాదు. పుండును సాకుగా చేసి వారం ఆపమనే ఈ సలహా మీద. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత పాలు తయారవుతాయి. వారం పాటు పాలు తీయకుండా వదిలేస్తే ఊరడం తగ్గిపోతుంది. పైగా సీసాకు అలవాటుపడిన బిడ్డ రొమ్ము దగ్గర మొరాయించవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల లోపు బిడ్డల్లో తల్లిపాలు మాత్రమే తాగుతున్నవారు 64 శాతం లోపే. మిగతావారిలో ఎందరి పాలు ఇలాంటి "ఒక్క వారం"తో ఆగిపోయాయో అని నాకు దిగులుగా ఉంటుంది.

నొప్పి నిజంగా ఓర్చుకోలేనంతగా ఉంటే ఆ ఒక్క వైపుకు ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇవ్వవచ్చు. అయితే బిడ్డ తాగే వేళకల్లా ఆ వైపు పాలను చేత్తో పిండాలి. పిండిన పాలను మన ఇళ్ళలో ఉండే ఉగ్గుగిన్నెతో పట్టాలి. బాగానే ఉండి కొన్ని వారాల తరువాత కొత్తగా నొప్పి మొదలైతే కారణం వేరే కావచ్చు: మొన మీద, బిడ్డ నోట్లో ఫంగస్ ఉండవచ్చు, చలికి మొన తెల్లబడి సలపవచ్చు. బిడ్డ నాలుక కింద పొర బిగుతుగా ఉంటే మొదటి నుంచీ పట్టు కుదరదు. వీటిని చూడాల్సింది డాక్టరు. పట్టుకునే తీరు సరిచేయడానికైతే మీ ఊరి ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తను అడగండి. తల్లిపాల కోసం కేంద్రం 2016లో మొదలుపెట్టిన 'మా' (హిందీలో అమ్మ) కార్యక్రమంలో వారి పాత్ర ఉన్నది ఇందుకే.

మా చెల్లెలు కుడి వైపుకు ఒకటిన్నర రోజు విశ్రాంతి ఇచ్చింది. అమ్మమ్మ నాటి వెండి ఉగ్గుగిన్నెను అటక మీద నుంచి దించి, మరిగే నీళ్ళలో వేసి తీశాం. పిండిన పాలను మా అమ్మే చుక్కచుక్కగా పట్టింది. మూడో రోజు తెల్లవారుజామున చెల్లెలు కుడి వైపే బిడ్డను పెట్టుకుంది. బిడ్డ వదిలాక దీపం దగ్గరికి వచ్చి మొనను చూసుకుంది. గుండ్రంగా ఉంది. ఆ బిడ్డకు ఇప్పుడు పద్నాలుగో నెల. అన్నం తిన్నాక కూడా వాళ్ళమ్మ కొంగు పట్టుకుని లాగుతూనే ఉంటుంది.