కొవ్వు ఎంజైమ్, హెర్2: ఎముక క్యాన్సర్‌లో పగ్గాలు ఎవరి చేతిలో?

ఎముకలో పుట్టే క్యాన్సర్ అయిన ఆస్టియోసార్కోమా కణం తనకు కావలసిన కొవ్వును చాలావరకు తానే తయారుచేసుకుంటుంది. ఆ పని చేసేది ఫ్యాటీ యాసిడ్ సింథేస్ అనే ఎంజైమ్. కార్బన్ ముడిసరుకుగా ఒక అసిటైల్-కోఏ, ఏడు మలోనైల్-కోఏ, శక్తినిచ్చే 14 ఎన్ఏడీపీహెచ్ అణువులు ఖర్చు పెడితే 16 కార్బన్ల పామిటేట్ అనే కొవ్వు ఆమ్లం ఒకటి చేతికొస్తుంది. ముడిసరుకు ఎక్కువగా గ్లూకోజ్ నుంచే వస్తుంది కాబట్టి, కంచంలో నూనె తగ్గిస్తే ఈ ఎంజైమ్ ఆగుతుందనుకోవడం పొరపాటు. కీమోలో ఉన్న రోగికి పస్తులు పెడితే నష్టమే.

ఇక హెర్2. కణం పొర మీద ఉండే ఈ గ్రోత్ రిసెప్టర్ (పెరుగుదల సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) ఉత్తేజితమైతే పీఐ3కే, ఏకేటీ, ఎమ్‌టార్ అనే సంకేత ప్రోటీన్లు వరసగా కదులుతాయి. చివర్లో జన్యువుల్ని నడిపే ఎస్ఆర్ఈబీపీ-1 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి కొవ్వు ఎంజైమ్ జన్యువును పనిలోకి దింపుతుంది. అసలు కిటుకు ఎదురుదారిలో ఉంది. ఎంజైమ్‌ను ఆపితే రొమ్ము క్యాన్సర్ కణాల్లో పీఈఏ3 అనే ప్రోటీన్ పెరిగి, హెర్2 జన్యువును అణిచేస్తుందని 2004లో తేలింది. ఆస్టియోసార్కోమా కణాల్లోనూ ఎంజైమ్‌ను నిశ్శబ్దం చేస్తే హెర్2, ఏకేటీ సంకేతాలు తగ్గి, కణాల చొరబాటు మందగించింది. అంటే రెండూ ఒకదాన్నొకటి నిలబెడుతున్నాయి. అయితే ఎముక విషయంలో సాక్ష్యం ఇంకా ఎక్కువగా ల్యాబ్ ప్లేటులో పెంచిన కణాలదే.

ఆ ప్లేటులోనే మొదటి తిరకాసు. కణాలను పెంచే ద్రవంలో మామూలుగా కలిపే 10 శాతం సీరంలోనే (రక్తం నుంచి తీసిన ద్రవం) కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. ఎంజైమ్‌ను ఆపినా కణం వాటిని తాగి బతికేస్తుంది, మందు పనిచేయలేదని రాసేస్తారు. లిపిడ్లు (కొవ్వులు) తీసేసిన సీరం వాడాలి. తర్వాత అల్బుమిన్ అనే రక్త ప్రోటీన్‌కు అంటించిన పామిటేట్ కొద్దిగా ఇచ్చి కణం కోలుకుంటుందో లేదో చూడాలి. కోలుకోకపోతే మందు ఇంకేదో చోట కొడుతోందని అనుమానించాల్సిందే. పామిటేట్ మోతాదు మించితే దానంతట అదే కణాన్ని చంపుతుంది, అదో చిక్కు.

రెండోది పాథాలజీ బల్ల మీద. ఎముక ముక్కను కోయాలంటే ముందు కాల్షియం తీయాలి. గట్టి ఆమ్లంలో నానబెడితే పని త్వరగా అవుతుంది గానీ యాంటిజెన్ (పరీక్షలో గుర్తుపట్టాల్సిన ప్రోటీన్), డీఎన్ఏ రెండూ దెబ్బతింటాయి. కాల్షియాన్ని పట్టి లాగే ఈడీటీఏ అనే రసాయనం నెమ్మది, కానీ నమ్మదగినది. పైగా ఈ కణితిలో హెర్2ను గుర్తించే రంగు పొరమీద కాక కణం లోపలి సైటోప్లాజంలో పడినట్టు పలుమార్లు కనిపించింది. దాన్ని పాజిటివ్ అనాలా అన్నది ఇప్పటికీ తెగని వాదం. జన్యువు కాపీలు పెరగడమైతే అరుదు.

అందుకే హెర్2ను అడ్డుకునే యాంటీబాడీ మందు ట్రాస్టుజుమాబ్‌పై 2012లో వెలువడిన ఫలితాన్ని తుది తీర్పుగా తీసుకోలేను. వ్యాధి అప్పటికే పాకిన 96 మందిలో హెర్2 పాజిటివ్‌గా తేలిన 41 మందికి కీమోతో పాటు ఈ యాంటీబాడీ ఇచ్చారు. మిగతావారికి కీమో మాత్రమే. తేడా తేలలేదు. కానీ చీటీ తీసి పంచిన గుంపులు కావవి, రిసెప్టర్ ఉన్నవారు ఒకవైపు, లేనివారు మరోవైపు. కొవ్వు ఎంజైమ్ ఊసే ఆ చికిత్సలో లేదు.

ఎంజైమ్ వైపు మందులదీ తేలిక దారి కాదు. సెరులెనిన్ రసాయనికంగా నిలకడలేనిది. సీ75 ఎలుకల్లో ఆకలి చంపి బరువు తగ్గించేసింది. ఆర్లిస్టాట్ ఎంజైమ్‌ను పట్టుకుంటుంది, కానీ పేగు దాటి రక్తంలోకి చేరేది అతి స్వల్పం. నోటి ద్వారా ఇచ్చే డెనిఫాన్‌స్టాట్ వచ్చాక పరిస్థితి కొంత మెరుగు. ఆస్టియోసార్కోమాలో దాన్ని పరీక్షించదలిస్తే ముందు ఈడీటీఏతో కాల్షియం తీసిన ముక్కల్లో ఎంజైమ్, హెర్2 రెండూ ఒకే కణంలో ఉన్నాయని చూపించాలి. ఊపిరితిత్తుల్లోకి పాకిన గడ్డలోనూ అదే చూడాలి, రోగి ప్రాణానికి ముప్పు ఎక్కువగా అక్కడి నుంచే.