బెల్లం గారి ఫోటో

మాదీ పక్క ఫ్లాటు వాళ్ళదీ ఒకే గోడ. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంటు గోడలు ఎంత పల్చనో అందులో ఉంటున్నవాళ్ళకే తెలుసు. పక్కింటాయన రిటైరై ఆరు నెలలు, కెమెరా కొని ఆరు రోజులు. వాళ్ళ కుక్క పేరు బెల్లం. అనకాపల్లి బెల్లంలో నల్లరకం ఉంటుందే, సరిగ్గా ఆ రంగు. శనివారం రాత్రి భోజనాలయ్యాక గోడకవతల మొదలైంది.

ఆయన: రేపు పొద్దున్న ఐదున్నరకల్లా బయల్దేరాలి.

ఆవిడ: కుక్కకి ఫోటో తియ్యడానికా? ఆధార్ కార్డేమైనా తీయిస్తున్నారా దానికి?

ఆయన: పోర్ట్రెయిట్ అంటారే దాన్ని. లేత ఎండలో తియ్యాలి.

ఆవిడ: లేత ఎండ సాయంత్రం కూడా ఉంటుందిగా. టిఫిను తిని తాపీగా వెళ్దాం.

ఆయన: మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు, ఊరి వెనకాల దిగుతాడు. సాయంత్రం మనకి మిగిలేది మేడల నీడే.

ఆవిడ: ముప్పై ఏళ్ళ నుంచి ఈ ఊళ్ళో ఉంటూ, సూర్యుడు ఎటు లేస్తాడో కెమెరా కొన్నాక కనిపెట్టారన్నమాట. సరే, ఎక్కడికి? కైలాసగిరి మీద శివపార్వతుల ముందు కూర్చోబెడదాం. కళగా ఉంటుంది.

ఆయన: తెల్లటి విగ్రహాలు, నల్ల కుక్క. విగ్రహాలకి వెలుతురు సరిచేస్తే ఇది మసిగుడ్డలా పడుతుంది.

ఆవిడ: కురుసుర సబ్‌మెరైన్ ముందు?

ఆయన: దాని పొడవు 91 మీటర్లు. ఇది రెండు మూరలు. ఫోటోలో కుక్కని వెతుక్కోవాలి.

ఆవిడ: పోనీ ఎర్రమట్టి దిబ్బలు. ఎర్రటి మన్ను మీద నల్లటి పిల్ల, చూడముచ్చటగా...

ఆయన: వేల ఏళ్ళు పట్టింది ఆ దిబ్బలు ఏర్పడటానికి. మన బెల్లం మొన్న కుండీలో తులసి మొక్కని ఎంతసేపట్లో తవ్వి పారేసింది?

(ఇక్కడ ఆవిడ మాట్లాడలేదు. ఆ తులసి మొక్క సంగతి మా ఇంట్లో కూడా ఎవరూ ఎత్తం.)

ఆయన: జోడుగుళ్ళపాలెం వైపు వెళ్దాం. జనం తక్కువ. అసలు తంటా వేరే ఉంది. నల్లగా కనపడేసరికి కెమెరా అది చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది. బెల్లం కాస్తా బూడిద రంగులోకి దిగిపోతుంది. అందుకని మనమే ఎక్స్‌పోజర్ తగ్గించాలి.

ఆవిడ: ఓహో! మన పెళ్ళి ఆల్బంలో మీ నల్లకోటు బూడిద రంగులో ఎందుకుందో ఇప్పుడు తెలిసింది. అద్దెకోటు కదా, వెలిసిపోయిందనుకున్నాను.

ఆయన: షట్టరు సెకనులో 500వ వంతు పెడతా. పరిగెడితే 1000వ వంతు. ఫోకస్ కంటి మీదే ఉండాలి. ముక్కు మీద పడిందా, దాని ముక్కు పొడుగుకి కళ్ళు మసకేసి కూర్చుంటాయి.

ఆవిడ: అవన్నీ సరే. ఈ బ్యాగులోంచి కంపేమిటి?

ఆయన: ఎండు నెత్తళ్ళు. లెన్సు పక్కన పెట్టుకుంటే దాని చూపు ఇటే ఉంటుంది.

ఆవిడ: ఎనభై వేల కెమెరా పక్కన ఎండుచేపలా! పైగా అంత ఉప్పు కుక్కకి పెడతారా ఎవరైనా? ఉప్పు వెయ్యకుండా కోడిముక్కలు ఉడకబెట్టి డబ్బాలో పెడతాను.

ఆయన: పెట్టనే. వాసన మాత్రం చూపిస్తా.

మర్నాడు పొద్దున్న నేను కూడా అటే వాకింగ్‌కి వెళ్ళాను. రోజూ వెళ్ళేది శివాజీ పార్కుకి. అది వేరే విషయం.

నేను వెళ్ళేసరికి నెత్తళ్ళ వాసన తన పని తాను చేసేసింది. పడవల మధ్య పడుకున్న కుక్కలన్నీ లేచి వచ్చి ఆయన చుట్టూ పంక్తి భోజనానికి కూర్చున్నట్టు కూర్చున్నాయి. బెల్లం ఒక్కటే అటు తిరిగి సముద్రం చూస్తోంది.

ఆవిడ: ఏడు కుక్కలు. ఏదో ఒకదాన్ని తీసెయ్యండి, ఇంటికి పోదాం.

ఆయన: ఆ పొట్లం అవతల పారెయ్! దీన్ని సముద్రం వైపు తిప్పు. ఎండ ముఖాన పడాలి. కంట్లో చిన్న చుక్క మెరవాలి. లేకపోతే ఆ ముఖంలో కళ్ళెక్కడున్నాయో తెలీదు.

ఆవిడ పొట్లం దూరంగా విసిరింది. ఏడూ దాని వెంట పోయాయి. దీన్ని తిప్పడం బాగానే ఉంది. ఆయన మాత్రం కుక్క కళ్ళ ఎత్తుకి రావాలని బోర్లా పడుకున్నాడు. ఇటు ముఖం, అటు కాళ్ళు. కాళ్ళ వైపు బంగాళాఖాతం.

వాకింగ్ చేస్తున్న పెద్దాయన ఒకరు పరుగున వచ్చి, "అయ్యో, ఎలా పడిపోయారమ్మా? అంబులెన్సుకి చెప్పారా?" అన్నారు.

ఆవిడ: లేదండీ, బాగానే ఉన్నారు. కుక్కకి ఫోటో తీస్తున్నారు.

ఆ మాట విన్నాక పెద్దాయన ముఖంలో కంగారు ఇంకా పెరిగింది.

ఆయన: ఇటు చూడవే బెల్లం! బెల్లం! బంగారం! ఏమోయ్, చెవులు వేలాడేసింది, ఏదైనా చెయ్!

ఆవిడ: ఏమండీ, అల.

ఆయన: కదలకు. తాడు కదపకు.

ఆవిడ: అల అంటుంటే!

ఆయన: ముందు చెవులు లేపించు!

అప్పుడు ఆవిడ ఒక పని చేసింది. తాడు వదలకుండానే ఆయన పక్కకి జరిగి, నోటితో కుక్కర్ విజిల్ వేసింది. అచ్చం మా గోడకి ఇవతలికి వినపడే విజిలే. ఆదివారం విజిలంటే కోడికూర. బెల్లం చెవులు రెండూ నిలబడ్డాయి, తల ఒక పక్కకి వాలింది. కెమెరా టకటకా మోగింది. ఆ వెంటనే అల వచ్చి ఆయన్ని మెడ దాకా తడిపి వెళ్ళింది. రెండు చేతులూ పైకెత్తి కెమెరాని మాత్రం వసుదేవుడు కృష్ణుణ్ణి దాటించినట్టు కాపాడుకున్నాడు.

రాత్రి మళ్ళీ గోడ.

ఆయన: 412 తీస్తే ఒకటి పడింది. చూడు ఆ కన్ను! రెప్పవెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

ఆవిడ: విజిల్ ఎవరిది?

ఆయన: నీదే. కానీ మూలన తాడూ నీ చెయ్యీ పడ్డాయి. ఎడిటింగ్‌లో తీసేస్తా. అందరూ అలాగే చేస్తారు.

ఆవిడ: తాడు తీసుకోండి. చెయ్యి ఉంచండి.

ఆయన: తాడు లేకుండా ఒట్టి చెయ్యి గాల్లో వేలాడుతుందే!

ఆవిడ: వేలాడనివ్వండి. కొత్త గాజులు. అవి బూడిద రంగులో పడలేదు కదా?

ఆయన: ఎర్రగానే ఉన్నాయి.

ఆవిడ: అయితే మా చెల్లికి పంపండి. కుక్కని కాస్త కత్తిరించి.