లెక్క అడుగుతారు, పేరు చెప్పరు

ప్రభుత్వ ఉద్యోగాల్లో జాతిని బట్టి ఎవరికీ ప్రాధాన్యం ఇవ్వకూడదని కాలిఫోర్నియా ఓటర్లు 1996లోనే తీర్మానించారు. ప్రపొజిషన్ 209 పేరుతో అది రాష్ట్ర రాజ్యాంగంలోకి ఎక్కింది. 2020 నవంబరులో దాన్ని ఎత్తేద్దామా అని మళ్లీ అడిగితే, డెమొక్రాట్ల కంచుకోటలో కూడా 57 శాతం మంది వద్దన్నారు. రిజర్వేషన్ల గొడవ చూస్తూ పెరిగిన మనకు ఇదేం వింత కాదు.

నాకు ఆసక్తిగా అనిపించింది మాత్రం ఆ ఓటింగుకు నెల ముందు వచ్చిన చట్టం, ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 973. 100 మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రైవేటు కంపెనీలు ఏ జాతివాళ్లు ఏ స్థాయిలో, ఏ జీతం శ్లాబులో ఎంతమంది ఉన్నారో, అందులో ఆడవాళ్లెందరో ఏటా రాష్ట్రానికి చెప్పాలి. కోటా ఊసెత్తకుండా లెక్కయినా అడుగుదాం అన్నమాట. 2022లో ఎస్‌బీ 1162 వచ్చి, కాంట్రాక్టర్ల ద్వారా పెట్టుకున్నవాళ్లు 100 మంది, ఆపైన ఉన్నా వాళ్ల లెక్క విడిగా ఇవ్వమంది. కన్సల్టెన్సీ పేరోల్ మీద క్లయింటు దగ్గర పనిచేసే మన కుర్రాళ్లూ ఇందులోకి రావచ్చు.

అయితే ఈ లెక్కల్లో రాష్ట్రం బయటపెట్టేది మొత్తాలే. ఫలానా కంపెనీ ఎవరికెంత తక్కువ ఇస్తోందో జనానికి తెలియదు. ఎస్‌బీ 1162 మొదటి ముసాయిదాలో కంపెనీలవారీగా ప్రకటించాలని ఉంది. చట్టమయ్యేసరికి ఆ ముక్క ఎగిరిపోయింది. పైగా ఆసియన్లందరికీ ఒకటే గడి. గుంటూరు నుంచి వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, శరణార్థిగా వచ్చిన లావోస్ కుటుంబంలోని అమ్మాయి, ఇద్దరూ అందులోనే. సగటు తీస్తే ఆమె జీతం మన జీతాల చాటున కనపడకుండా పోతుంది. ఇక కులానికి ఆ ఫారంలో గడే లేదు.

ఉద్యోగికి నేరుగా పనికొచ్చేవి వేరే ఉన్నాయి. పాత జీతమెంత అని 2018 నుంచి ఇంటర్వ్యూలో అడగకూడదు. ఒకచోట తక్కువకు కుదిరినవాడిని ఆ అంకె జీవితాంతం వెంటాడకుండా ఆపేది ఇదే. 2023 నుంచి 15 మంది, ఆపైన ఉన్న కంపెనీలు ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంతవరకో రాయాలి. ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లు తమ పోస్టుకు ఆ వివరం అడిగినా చెప్పాలి. కాకపోతే హెచ్‌1బీ కాగితాలు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లనే అడగాలి. మనవాళ్లు చాలామంది ఆగిపోయేది అక్కడే.