తిమింగలాలను కిరోసిన్ కాపాడిందా? ఏం కాదు

వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది: "దీపాల నూనె కోసం తిమింగలాలను చంపేవాళ్లు, 1859లో పెన్సిల్వేనియాలో చమురు బావి పడింది, చవగ్గా కిరోసిన్ దొరికింది, తిమింగలాలు బతికిపోయాయి. చట్టాలు చేయలేనిది మార్కెట్ చేసింది." దీపాల్లో తిమింగలం నూనె వాడకం పడిపోయిన మాట నిజమే. నిజం అక్కడితో సరి.

బతికిపోయాయట! ఒక్క 20వ శతాబ్దంలోనే పరిశ్రమ చంపిన తిమింగలాలు దాదాపు 29 లక్షలు, అందులో 20 లక్షలకు పైగా దక్షిణార్ధగోళంలోనే. దీపాల కాలంలో బాగా వేటాడిన స్పెర్మ్ తిమింగలాలనే తీసుకోండి: 18, 19 శతాబ్దాలు రెండూ కలిపి సుమారు 3 లక్షలు పోతే, 20వ శతాబ్దంలో 7.6 లక్షలు పోయాయి.

దీపం ఆరిపోయాక ఇంకెవరికి కావాలి ఆ నూనె అంటారా? సబ్బులకు, వెన్నకు బదులు రొట్టె మీద రాసుకునే మార్జరిన్‌కు. 1902లో విల్‌హెల్మ్ నార్మన్ అనే జర్మన్ ద్రవ నూనెను గట్టి కొవ్వుగా మార్చే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, మన డాల్డా తయారయ్యేదీ ఆ హైడ్రోజనేషన్‌తోనే. దాంతో తిమింగలం నూనె యూరప్ వాళ్ల రొట్టె మీదికి చేరింది. ఆర్కిటిక్‌లోనైతే బోహెడ్ తిమింగలాన్ని దాని నోట్లో ఉండే బలీన్ పట్టీల కోసం కూడా చంపారు, ఆడవాళ్లు నడుము బిగించుకునే కార్సెట్లలో పెట్టడానికి. 1871లో అలాస్కా తీరాన 33 ఓడలను మంచులో వదిలేసి రావాల్సి వచ్చినా వేట ఆగలేదు.

ఇక అసలు సంగతి. నీలి తిమింగలం, ఫిన్ తిమింగలం తెరచాప ఓడలకు అందేవే కావు, వేగం ఎక్కువ, పైగా చచ్చాక మునిగిపోతాయి. వాటిని అందుబాటులోకి తెచ్చినవి ఇంజన్ పడవలు, నార్వే వాడు స్వెండ్ ఫోయిన్ తయారుచేసిన పేలుడు హార్పూన్ (తిమింగలాన్ని గుచ్చే ఈటె) ఫిరంగి. 1904లో నార్వేకే చెందిన లార్సెన్ అంటార్కిటిక్ వైపున్న దక్షిణ జార్జియా దీవిలో గ్రిట్‌వికెన్ అనే వేట స్టేషన్ పెట్టాడు. 1925లో 'లాన్సింగ్' అనే ఓడ వెనకవైపు ర్యాంపుతో అంటార్కిటిక్‌కు వెళ్లింది, అంటే తిమింగలాన్ని నడిసముద్రంలోనే ఓడ మీదికి లాగి కోసెయ్యొచ్చు, ఒడ్డుతోనూ ఏ దేశం లైసెన్సుతోనూ పని లేదు. 1930-31 సీజన్‌లో అలాంటి ఫ్యాక్టరీ ఓడలు 41, చచ్చిన నీలి తిమింగలాలు సుమారు 29 వేలు. ఒక్క సీజన్‌లో! ఆ తర్వాత డీజిల్ ఇంజన్లు వచ్చాయి, అంటే కాపాడిందని చెబుతున్న ఆ పెట్రోలియమే వేటకు ఇంధనమైంది.

చట్టాలు దండగ అన్న ముక్కలో కాస్త పస ఉంది, ఒప్పుకుంటాను. వేటను అదుపు చేయడానికి దేశాలు చేసుకున్న 1946 ఒప్పందం తర్వాత కూడా కోటాను 'నీలి తిమింగలం యూనిట్ల'లో లెక్కించారు, ఒక నీలి తిమింగలానికి రెండు ఫిన్‌లు సమానం. అందరూ కలిసి మొత్తం కోటా పూర్తయ్యేదాకా పోటీపడి చంపడమే, ఏ జాతి ఎంత తరిగిందన్నది ఎవడికీ పట్టలేదు. అంటార్కిటిక్ నీలి తిమింగలాల్లో చివరికి ఒక శాతం కూడా మిగల్లేదు. చవక కూరగాయ నూనెలు గిరాకీని కొంత తగ్గించాయి, సరే. కానీ వాణిజ్య వేటను ఆపాలన్న నిర్ణయం 1982లో అంతర్జాతీయ తిమింగలాల వేట కమిషన్ ఓటింగ్‌తో వచ్చింది, కిరోసిన్ వచ్చిన నూట ఇరవై ఏళ్లకు పైగా గడిచాక.

నిఘా పనిచేస్తుందా అంటే సోవియట్ ఓడలను చూడండి. దక్షిణార్ధగోళంలో 2,710 హంప్‌బ్యాక్ తిమింగలాలు పట్టామని రిపోర్టు ఇచ్చారు, నిజానికి 48 వేలకు పైనే. ఆ స్థాయి దొంగ లెక్కలకు అడ్డుకట్ట పడింది 1972లో, ఓడల మీదికి విదేశీ పరిశీలకులు ఎక్కాకే.