బల్లకు దణ్ణం పెట్టిన కుర్రాడు

ఆలివర్ ట్విస్ట్ రాసిన మొదటి కాంప్రహెన్షన్ పరీక్షలో వాడికి సున్నా వచ్చింది. ఇది డికెన్స్ నవల 'ఆలివర్ ట్విస్ట్' రెండో అధ్యాయంలోనే ఉంది. తొమ్మిదేళ్లు నిండిన రోజున బీడిల్, అంటే పారిష్ బంట్రోతు, బంబుల్ వాణ్ణి లాక్కెళ్లి, బల్ల చుట్టూ కూర్చున్న ఎనిమిదిపదిమంది లావుపాటి పెద్దమనుషుల ముందు నిలబెట్టి, బోర్డుకు, అంటే పేదల వర్క్‌హౌస్‌ను నడిపే ఆ కమిటీకి, వంగి దణ్ణం పెట్టమంటాడు. బోర్డంటే పిల్లాడికి తెలిసింది చెక్క. చుట్టూ చూశాడు. బల్ల తప్ప వేరే చెక్కేదీ కనపడలేదు. బల్లకే దణ్ణం పెట్టాడు. అదృష్టం, అది సరైన దిక్కే. రెండో ప్రశ్న: నువ్వు ఆర్ఫన్‌వని తెలుసా? "అంటే ఏంటండీ?" అన్నాడు అనాథ. వీడు మొద్దు అని తెల్ల వెయిస్ట్‌కోటు పెద్దమనిషి అక్కడికక్కడే మార్కులు వేసేశాడు.

ఆ నవలను డికెన్స్ 1837 నుంచి 1839 దాకా పత్రికలో నెలనెలా అచ్చువేశాడు. ఈనాడు దాన్ని నాన్ డీటెయిల్డ్ కింద చదివించేవారు ఆ బోర్డును తిట్టుకుంటూ పాఠం చెబుతుంటారు. ఇది అన్యాయం. చదువును ఎలా వడ్డించాలో మనకు నేర్పింది ఆ బోర్డే.

వాళ్ల ఏర్పాటు చూడండి. నీళ్ల కంపెనీతో ఎన్ని నీళ్లయినా ఇచ్చేట్టు ఒప్పందం. ధాన్యం వ్యాపారితో అప్పుడప్పుడు కాస్త ఓట్స్ పిండి ఇచ్చేట్టు మరో ఒప్పందం. రోజుకు మూడు పూటలా పల్చటి జావ, వారానికి రెండుసార్లు ఉల్లిపాయ, ఆదివారం సగం రొట్టె. మన గైడ్లు ఈ పాళ్లు తు.చ. తప్పకుండా పాటిస్తున్నాయి. 53 అధ్యాయాల పిండికి నాలుగు పేజీల సారాంశం తేలేదాకా నీళ్లు. పక్కన ఉల్లిపాయలాగా "వెరీ ఇంపార్టెంట్" అని మూడు ప్రశ్నలు, ముందు చుక్క గుర్తుతో.

జావ అన్నాం గానీ, గైడులో అది గంజి. అచ్చులో గంజి అని పడగానే మన పిల్లాడి కళ్లముందు అన్నం వార్చిన గంజి, ఉప్పు, పక్కన మిరపకాయ కనపడతాయి. ఇందులో ఏడవడానికి ఏముందనుకుంటాడు. వర్క్‌హౌస్ గైడులో అనాథాశ్రమం అవుతుంది. ఇది ఇంకా మేలు. అది పనిలేని పెద్దవాళ్లనూ ముసలివాళ్లనూ చేర్చుకుని, మొగుణ్ణీ పెళ్లాన్నీ విడదీసి, బయట ఆకలే నయమనిపించేలా నడిపిన చోటని, 1834 నాటి పేదల చట్టం మీద కోపమే ఈ పుస్తకమని చెబితే, చట్టం గురించి ఎవడైనా ప్రశ్న వేయవచ్చు. అనాథాశ్రమం అంటే ఎవరూ ఏమీ అడగరు. చందా రాసిస్తారు.

ఇక అసలు ప్రశ్న, నాలుగు మార్కులది: ఆలివర్ ఇంకా కావాలని ఎందుకు అడిగాడు? జవాబు అందరికీ నోటికొచ్చు. ఆకలేసింది కనుక.

ఆకలి నిజమే. మూడు నెలలుగా అందరికీ వేసింది. గిన్నెలు కడగాల్సిన పనే లేకుండా చెంచాలతో గీకి తళతళలాడించారు పిల్లలందరూ. అయితే అడిగింది ఒక్కడే ఎందుకు? వయసుకు మించి పొడుగున్న ఒక కుర్రాడు, వాళ్ల నాన్నకు చిన్న పూటకూళ్ల కొట్టు ఉండేదట, రోజుకు ఇంకో గిన్నె జావ దొరక్కపోతే ఏదో ఒక రాత్రి పక్కన పడుకునేవాణ్ణి తినేస్తానేమోనని చెప్పాడు. వాడి చూపు చూసి అందరూ నమ్మారు. సభ పెట్టారు. చీట్లు వేశారు. ఆలివర్ పేరొచ్చింది. అంటే వాడు అడిగింది ధైర్యంతోనూ కాదు, అత్యాశతోనూ కాదు. తీర్మానం ప్రకారం అడిగాడు. ఆ గదిలో సక్రమంగా నడిచిన బోర్డు అదొక్కటే.

ఇదంతా రాసిన పిల్లాడికి ఎన్ని మార్కులు? దిద్దేవారి చేతిలో కీ ఉంటుంది. అందులో ఆకలి, గిన్నె, గరిటె, "మోర్" అనే నాలుగు ముక్కలుంటాయి. చీట్లు లేవు. కాబట్టి ఆ మాట కింద ఎర్ర గీత. తప్పు దిద్దేవారిది కాదు. బొత్తి మీద బొత్తి పడుతుంటే జవాబు చదువుతూ కూర్చోవడం కుదరదు, మాట దొరికిందా లేదా అన్నదే చూసుకోవాలి. కనుక రాసే విధానం ఇది: మొదటి వాక్యం ప్రశ్ననే తిప్పి రాయాలి, రెండో వాక్యంలో రచయిత పేరు రావాలి, కీలోని మాటల కింద స్కేలుతో గీతలు కొట్టాలి, చివర "ఈ విధంగా" అని ముగించాలి. మధ్యలో నవల ఉన్నా లేకపోయినా ఫరవాలేదు.

ఎక్కువ రాద్దామనుకున్నవాడు హాల్లో లేచి నిలబడి "సార్, అడిషనల్" అంటాడు. ఆ దృశ్యం ఎక్కడో చదివినట్టు అనిపిస్తే అది యాదృచ్ఛికమే. పేజీలు లెక్కగట్టి బుక్‌లెట్ ఇచ్చేసి, అడిషనల్ లేదని ముందే చెప్పేసే పరీక్షలు వచ్చాక ఆ గొడవ కూడా తగ్గింది. వర్క్‌హౌస్ వాళ్లకు తోచని ఉపాయమిది. పాపం, ఇంకా కావాలన్న పిల్లాడి నెత్తిన గరిటె వాడారు.

గరిటె తర్వాతి కథలో ఇంకో గుంట ఉంది. మర్నాడు గేటుకు కాగితం అంటించారు: అయిదు పౌండ్లు, ఆలివర్ ట్విస్ట్. దీన్ని చూసి సగం క్లాసు "ఆలివర్‌ను అయిదు పౌండ్లకు అమ్మారు" అని రాస్తుంది. డబ్బు నడిచింది అటు కాదు. వాణ్ణి తీసుకుపోయినవారికి బోర్డే ఎదురు డబ్బిస్తానంది. పొగగొట్టాలు ఊడ్చే గామ్‌ఫీల్డ్ ముందుకొచ్చాడు. గొట్టాల్లో పిల్లలు ఊపిరాడక చచ్చిపోయిన సంగతి బోర్డులో ఎత్తారు. అది రోత పని అన్నారు. అందుకని ఆపేశారనుకునేరు, రోత పని కాబట్టి రేటు తగ్గించి మూడు పౌండ్ల పది షిల్లింగులకు దించారు. పారిష్‌కు, అంటే ఆ బోర్డు వెనకున్న చర్చి పరిధి ఖజానాకు, 30 షిల్లింగులు మిగిలాయి.

గామ్‌ఫీల్డ్‌కు అప్పగించే ఒప్పందం మీద మేజిస్ట్రేటు సంతకానికి తీసుకెళ్లేముందు ఆలివర్‌కు ఒక గిన్నె జావ, పండగ రోజుల్లో మాత్రమే ఇచ్చే రెండుంపావు ఔన్సుల రొట్టె, అంటే 64 గ్రాములు, పెట్టారు. పిల్లాడు భోరుమన్నాడు. ఇలా మేపుతున్నారంటే కోయడానికేనని వాడి లెక్క. బోర్డు నోరు తెరిచి చెప్పని పాఠాన్ని ఇంత బాగా అర్థం చేసుకున్న విద్యార్థి నవలలో మరొకడు లేడు.

అక్కడ వాణ్ణి కాపాడింది ఎవరు అన్నది అరమార్కు బిట్టు. మేజిస్ట్రేటు దయ, అంటుంది గైడు. పుస్తకంలో ఆ ముసలాయన సంతకం చేసేవాడే. తాననుకున్న చోట సిరాబుడ్డి లేదు. దానికోసం బల్లంతా వెతుకుతుంటే దారిలో ఆలివర్ మొహం కనపడింది, భయంతో పాలిపోయి. ముక్కుకింద ఉన్న సిరాబుడ్డి ఒక్క క్షణం ముందు దొరికుంటే ఆలివర్ గొట్టంలో ఉండేవాడు. జవాబు సిరాబుడ్డి. కీలో లేదు.

ఇలాంటి జవాబులు రాసే పిల్లలు అక్కడక్కడ తయారవుతున్నారు. ఎదురు చెబుతారు, పేజీ తెరిచి చూపిస్తారు. తల్లిదండ్రులు కంగారు పడి, వీడికేమైందండీ అని అడుగుతారు. దీనికి వైద్యం బంబుల్ ఏనాడో చెప్పాడు. తర్వాత శవపేటికల సోవర్‌బెరీ దగ్గర పనికి కుదిరిన ఆలివర్, చనిపోయిన తన తల్లిని తిట్టాడని అక్కడే పనిచేసే, తనకంటే పెద్దవాడైన నోవాను చితక్కొట్టినప్పుడు, సోవర్‌బెరీ ఇల్లాలు వీడికి పిచ్చెక్కిందేమో అంది. బంబుల్ కాసేపు ఆలోచించి, పిచ్చి కాదమ్మా, మాంసం, అన్నాడు. మీరు అతిగా మేపారు. ఆవిడ మేపింది కుక్క కోసం తీసిపెట్టిన ముక్కలు. బంబుల్ రాసిచ్చిన చీటీ ఇది: ఒకటి రెండు రోజులు నేలమాళిగలో ఉంచి కాస్త ఆకలికి వంచండి, ఆ తర్వాత ఒప్పందం తీరేదాకా జావ మీదే నడపండి.

మన దగ్గర నేలమాళిగలు లేవు, స్టడీ అవర్ ఉంది. అమ్మా, మీవాడికేం రోగం లేదు. ఇంట్లో ఎవరో వాడికి అసలు పుస్తకం పెడుతున్నారు. ముందు అది మానిపించండి. పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా గైడు, పూటకు ఒక్క గరిటె.